ఇంగ్లీషు గులాబీకి పుట్టిల్లు ఎక్కడ?

మూడేళ్ల కిందట జూన్ నెలలో మా చెల్లి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లాను. వాళ్లుండేది వుల్వర్‌హాంప్టన్‌లో. మా మరిదిగారు ఒక ఆదివారం, "వదినా, మీకు పూలంటే ఇష్టం కదా, పదండి" అని కారెక్కించి, దగ్గర్లోనే ఉన్న ఆల్‌బ్రైటన్ అనే ఊరికి తీసుకెళ్లారు. అది డేవిడ్ ఆస్టిన్ గులాబీల తోట. గేటు దాటి లోపలికి వెళ్తుంటేనే వాసన ఎదురొచ్చింది. మనం పెళ్లి దండల్లో చూసే గులాబీలు కావవి. గిన్నెడు పువ్వు, గిన్నె నిండా రేకులు. ఒకదానిలోంచి తేనె వాసన, ఒకదానిలోంచి నిమ్మకాయ వాసన, ఇంకోదానిలోంచి టీ పొడి వాసన. ఇలాంటిది ఒక్కటి మన బాల్కనీలో ఉంటే చాలు కదా అనిపించింది. ఆ "చాలు కదా" నాకెంత ఖర్చు పెట్టించిందో, ఏమేం చదివించిందో ఇవాళ చెప్తాను.

హైదరాబాద్ వచ్చాక ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ వాళ్ల దగ్గర, ఆ తోటలో చూసినట్టే ఉన్న ఫొటో చూసి, ఎనిమిది వందల యాభై పెట్టి మొక్క తెప్పించాను. నవంబర్‌లో వచ్చింది. జనవరిలో రెండు పూలు పూసింది. నాలుగు వీధులకీ ఫొటోలు పంపాను. మే నెల వచ్చేసరికి ఆకులు మాడి, కొమ్మలు పైనుంచి నల్లబడుతూ వచ్చి, రోహిణి కార్తెలో ప్రాణం విడిచింది. మరుసటి ఏడు ఇంకోటి తెప్పించాను. దానిదీ అదే దారి.

అప్పటికి మా అత్తయ్యగారు మా ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. మామయ్యగారు పోయాక ఊళ్లో ఒక్కరినీ ఉంచలేక మా వారు తీసుకొచ్చేశారు. ఆవిడ పుట్టింది, మెట్టింది కడియం చుట్టుపక్కలే. నర్సరీల మధ్య బతికిన మనిషి మూడో అంతస్తు ఫ్లాట్‌లో టీవీ ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తినమంటే తినేవారు, పడుకోమంటే పడుకునేవారు. అంతే. "కొన్నాళ్లకి అలవాటు పడుతుందిలే" అని మేం ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ఆవిడ నా రెండో మొక్కని చూసి ఒకే మాట అన్నారు. "అమ్మాయ్, దీని అడుగున ఏ మొక్కుందో అడిగావా?"

నాకర్థం కాలేదు. రంగు అడిగాను, వాసన అడిగాను, ధర అడిగాను. అడుగున ఏముందని అడగాలని నాకు తెలీదు. అక్కణ్ణుంచే వెతకడం మొదలుపెట్టాను.

ముందు పేరు సంగతి. బీఏలో తెలుగు చదువుకున్న దాన్ని కాబట్టి నాకు మాటల మీదికి పోతుంది మనసు. గులాబీ అన్నది పారశీక మాట. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్లు. పన్నీటి పేరే పువ్వుకి అంటుకుంది. సంస్కృతంలో దీన్ని శతపత్రి అన్నారు, అంటే నూరు రేకులది. యూరప్ వాళ్ల పాత తోటల్లో ఒక గులాబీ ఉంది, దాని లాటిన్ పేరు సెంటిఫోలియా. దానికీ అర్థం అదే, నూరు రేకులది. నేను ఆల్‌బ్రైటన్‌లో చూసి మురిసిపోయిన గిన్నె పువ్వు రూపం ఆ పాత నూరు రేకుల గులాబీల నుంచి వచ్చిందే.

ఆ పాత గులాబీలకి ఒక లోటుండేది. ఏడాదికి ఒక్కసారే, వేసవి మొదట్లో నాలుగైదు వారాలు పూసేవి. డమాస్క్ జాతిలో ఒక రకం మాత్రం శరత్కాలంలో ఇంకోసారి కాసిని పూలిచ్చేది. మిగతావి మళ్లీ ఏడాది దాకా ఆకులే. మనకిది వింతగా అనిపిస్తుంది, మన పెరటి గులాబీ ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది కదా. కానీ అడవి గులాబీ స్వభావం ఒకసారి పూయడమే. పూత ఆపమని చెప్పే జన్యువు ఒకటి దానిలో ఉంటుంది. చైనాలో ఎప్పుడో ఆ జన్యువు చెడింది. చెడటమే వరమైంది. ఆపమని చెప్పేవాళ్లు లేక ఆ మొక్కలు చిగురేసినప్పుడల్లా పూశాయి. చైనా తోటమాలులు వాటిని వందల ఏళ్లు కాపాడుకున్నారు.

ఆ చైనా గులాబీలు 1790లలో ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఇంగ్లండ్ చేరాయి. ఆరు నెలల సముద్ర ప్రయాణంలో మొక్క బతకడం కష్టం. అందుకని దారిలో కలకత్తా తోటలో దిగి సేదదీరేవి. ఈ సంగతి ఫ్రెంచివాళ్ల మాటల్లో ఇప్పటికీ ఉంది. చైనా గులాబీలని వాళ్లు "బెంగాల్ గులాబీలు" అంటారు. ఆ కలకత్తా తోట 1787లో పెట్టింది. 1793లో దానికి అధిపతిగా వెళ్లినాయన విలియం రాక్స్‌బర్గ్. అంతకుముందు పదేళ్లకు పైగా ఆయన ఎక్కడున్నాడనుకున్నారు? మన సామర్లకోటలో! అక్కడ మిరియాలూ అవీ ఇవీ నాటి ప్రయోగాలు చేస్తూ, మన కోస్తా మొక్కలకి బొమ్మలు గీయిస్తూ గడిపాడు. చైనా నుంచి కలకత్తా తోటకి వచ్చిన ఒక గులాబీ జాతికి ఆయన పేరే ఉంది, రోజా రాక్స్‌బర్గీ. ఇది చదివినప్పుడు అత్తయ్యగారికి చెప్పాను. "సామర్లకోటా? మా పెద్దక్కనిచ్చింది అక్కడికే" అన్నారు. ఆ రోజు టీవీ పెట్టలేదు.

చైనా గులాబీలకి యూరప్ చలి పడలేదు. కానీ వాటిని అక్కడి మొక్కలతో కలిపితే పుట్టిన పిల్లలకి తల్లి పూతా, తండ్రి ఓర్పూ రావచ్చు కదా. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అంటున్న దీవిలో, అప్పటి పేరు బూర్బోన్, రైతులు పొలాల చుట్టూ గులాబీలే కంచెగా వేసేవారు. అక్కడ డమాస్కూ చైనా గులాబీ తమంతట తామే కలిసి కొత్త రకం పుట్టింది. దాని విత్తనాలు పారిస్ చేరాయి. ఆ సంతతే బూర్బోన్ గులాబీలు. వాటికి దగ్గరి చుట్టమైన ఎడ్వర్డ్ గులాబీ మన దేశంలోనూ స్థిరపడింది. ఉత్తరాదిన చాలాకాలం దాన్నే అడుగు మొక్కగా వాడి మీద వేరే గులాబీలు అంటు కట్టారు.

1867లో ఫ్రాన్స్‌లో గియో అనే ఆయన 'లా ఫ్రాన్స్' అనే గులాబీని తెచ్చాడు. దాంతో హైబ్రిడ్ టీ కాలం మొదలైందని చెబుతారు. పొడుగు కాడ, మొనదేలిన మొగ్గ, ఏడాది పొడుగునా పూత. మనం బొకేల్లో చూసేవన్నీ ఆ వరసే. 1900లో మరో ఫ్రెంచాయన పెర్నే-దూషే, పర్షియా పచ్చ గులాబీతో కలిపి పసుపు రంగు తెచ్చాడు. ఆ రంగుతో పాటే నల్లమచ్చ తెగులుకి లొంగిపోయే గుణమూ వచ్చి చేరింది. కట్నంతో పాటు అప్పు వచ్చినట్టు. ఈ కొత్త గులాబీల జోరులో నూరు రేకుల పాతవి మూలపడ్డాయి.

వాటిని మూలల్లోంచి ఏరి దాచినవాళ్లలో ఒకావిడ కాన్‌స్టన్స్ స్ప్రై. ఈవిడ గురించి మన గృహిణులం తప్పకుండా తెలుసుకోవాలి. పూలు అమర్చడం ఆవిడ వృత్తి. ఖరీదైన పూలే అక్కర్లేదు, కంచెమీది తీగా, కూరల మడిలో ఆకూ కూడా అలంకారమే అని నేర్పింది. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి పూల బాధ్యత ఆవిడదే. ఆ రోజు విందుకి ఆవిడా, రోజ్‌మరీ హ్యూమ్ కలిసి నడిపే వంట బడి నుంచి వచ్చిన వంటకమే కారొనేషన్ చికెన్. దాంట్లో పడేది మన కూరపొడి! ఆవిడ తన తోటలో పాత గులాబీలు పోగు చేసి పెంచేది.

సరిగ్గా అదే కాలంలో ష్రాప్‌షైర్‌లో ఒక రైతు కొడుకు, డేవిడ్ ఆస్టిన్, 1926లో పుట్టినవాడు, పాత గులాబీల మీద ఒక పుస్తకం చదివాడు. తోబుట్టువు పుట్టినరోజు కానుకగా ఇచ్చిందట. పాతవాటి అందం, వాసన ఉండాలి, కొత్తవాటిలా మళ్లీ మళ్లీ పూయాలి, ఇదీ ఆయన కోరిక. 'బెల్ ఇసిస్' అనే పాత గులాబీని, 'డెయింటీ మెయిడ్' అనే కొత్తదాంతో కలిపాడు. 1961లో బయటికొచ్చిన ఆ పిల్లకి, అంతకుముందు ఏడాదే చనిపోయిన కాన్‌స్టన్స్ స్ప్రై పేరు పెట్టారు. ఎంత అందమో! కానీ ఏడాదికి ఒక్కసారే పూసింది. ఎందుకంటే, పూత ఆపే జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, దాని మాటే చెల్లుతుంది. ఆ పిల్లల్ని మళ్లీ పూసే గులాబీలతో ఇంకోసారి కలిపితేగాని, ఆ గుణం మనవల్లో బయటపడదు. ఆస్టిన్ అదే చేశాడు. 1969కి మళ్లీ పూసేవి వచ్చాయి. వాటిని అమ్మిపెట్టడానికి ఎవరూ ముందుకు రాక, తనే నర్సరీ పెట్టుకున్నాడు. 1983లో లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో పసుపుపచ్చ 'గ్రాహమ్ థామస్', గులాబీరంగు 'మేరీ రోజ్' చూపించాక గాని లోకం తిరిగి చూడలేదు. మొదలుపెట్టిన నాటి నుంచి ముప్ఫయ్యేళ్లకి పైగా అన్నమాట. 2018లో ఆయన చనిపోయేనాటికి రెండు వందలకు పైగా రకాలు తెచ్చాడు.

ఇప్పుడు ఆ 'గ్రాహమ్ థామస్' జాతకం చూడండి. దాని పెద్దల్లో ఒకటి 'ఐస్‌బర్గ్', 1958లో జర్మనీలో కోర్డెస్ వాళ్లు తెచ్చినది. ఆ పసుపు రంగు పర్షియా వైపుది. మళ్లీ మళ్లీ పూయడం చైనాది, వయా కలకత్తా. గిన్నె రూపం యూరప్ పాత తోటలది. పేరు మాత్రం ఇంగ్లీషు గులాబీ. అంటే ఇంగ్లండ్ దానికి పుట్టిల్లు కాదు, పెంచిన ఇల్లు. ఆ పెంచిన ఇంట్లో వేసవి పగలు ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు. జూన్‌లో పదహారు గంటల పైన వెలుతురు, మంద్రంగా. చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోవడానికి మూడు నెలలు. ఆ ఇంట్లో ఎనిమిది తొమ్మిదేళ్లు పరీక్షించి ఎంచిన పిల్లని తెచ్చి, నలభై రెండు డిగ్రీల ఎండలో సిమెంటు బాల్కనీ మీద, ప్లాస్టిక్ కుండీలో పెట్టి "పూయవేం?" అన్నాను నేను.

ఊరు మారితే ఏమవుతుందో వేరేవాళ్లకీ తెలిసొచ్చింది. డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు చెప్పింది, వాళ్ల పక్కింటావిడ నాలుగడుగులకి పెరుగుతుందని చదివి నాటిన ఇంగ్లీషు గులాబీ, గోడెక్కి పది అడుగులు సాగిందట. పూలు మాత్రం వేసవంతా తక్కువ. వేడి దేశాల్లో నిద్ర ఉండదు కాబట్టి కొమ్మ సాగిపోతూనే ఉంటుంది. అదే టెక్సస్‌లో 1980ల్లో కొంతమంది గులాబీ పిచ్చివాళ్లు జట్టుకట్టి, పాత శ్మశానాల్లో, పాడుబడ్డ ఇళ్ల దగ్గర, ఎవరూ నీళ్లు పోయకపోయినా పూస్తున్న గులాబీల కొమ్మలు తెచ్చి బతికించారు. అలా బతికి ఉన్నవాటిలో ఎక్కువ చైనా, టీ జాతులే. మరి వేడి వాటికి పుట్టింటిదే కదా. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం మందులు కొట్టకుండా పెంచి పరీక్షించి ఇచ్చిన జాబితాలో కూడా 'మ్యుటాబిలిస్' లాంటి పాత చైనా గులాబీలున్నాయి.

చలి వైపు కథ ఇంకోలా నడిచింది. కెనడా అట్టావాలో ఫెలిసిటస్ స్వెడా అనే శాస్త్రవేత్త ఉండేది. ఆ దేశపు చలికి యూరప్ గులాబీలు చచ్చిపోతుంటే, ఆవిడ సైబీరియా, జపాన్ తీరాల్లో పెరిగే రుగోసా లాంటి మొండి జాతులతో కలిపి, మంచులో బతికేవి తయారుచేసింది. వాటికి అన్వేషకుల పేర్లు పెట్టారు, 'మార్టిన్ ఫ్రాబిషర్', 'జాన్ కాబట్' అని.

మన దేశంలో ఈ పని చేసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. తుప్పు తెగులుకి తట్టుకునే గోధుమలు తెచ్చిన బి.పి. పాల్ గారు గులాబీలు కూడా పెంచి, కొత్త రకాలు తెచ్చి, ఇండియాలో గులాబీల మీద పుస్తకమే రాశారు. ఇంకొకరు ఎం.ఎస్. వీరరాఘవన్ గారు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందే పదవీ విరమణ తీసుకుని, భార్య గిరిజ గారితో కొడైకెనాల్‌లో గులాబీల పనిలో పడ్డారు. వేడి దేశాల గులాబీకి చలి దేశాల రక్తమెందుకు, మన అడవి గులాబీలే ఉన్నాయి కదా అన్నది ఆయన ఆలోచన. మణిపూర్, బర్మా కొండల్లో చెట్లమీదికి పాకే రోజా జైగాంటియా, బెంగాల్ పల్లపు నేలల్లో నీళ్లలో నిలబడి కూడా పెరిగే రోజా క్లైనోఫిల్లా, ఈ రెంటి సంతతితో రకాలు తెచ్చారు. ఒక పసుపు గులాబీకి వృక్షశాస్త్రజ్ఞురాలు ఇ.కె. జానకీ అమ్మాళ్ పేరు పెట్టారు.

ఇంత చదివాక నాకు తెలిసిన నాలుగు ముక్కలు మీకూ చెప్తాను. గులాబీని ఫొటో చూసి కాదు, దాని పెద్దలెవరో చూసి ఎంచుకోండి. టీ, చైనా, నాయిసెట్ వరసవి మన ఎండకి తట్టుకుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు తడి ఉన్నచోట మరీ ఎక్కువ రేకులున్నవి వద్దు. మొగ్గ విచ్చకుండానే లోపల కుళ్లుతుంది, ఆకులకి నల్లమచ్చ వస్తుంది. హైదరాబాద్ పొడి గాలిలో రేకులెక్కువున్నా విచ్చుకుంటాయి, కానీ వేసవిలో మధ్యాహ్నం నీడ ఉండాలి, కుండీ నేలకి ఆనకుండా ఇటుకల మీద పెట్టాలి. ఇంగ్లండ్‌లో కత్తిరింపు చలి చివర్లో చేస్తారు. మనకి వానలు వెళ్లాక, అక్టోబర్‌లో. నిద్ర లేని దేశంలో మన కత్తెరే దానికి నిద్ర. కత్తిరించిన నెలన్నర, రెండు నెలలకి మంచి పూత వస్తుంది. బెంగళూరు, మదనపల్లి వైపు వాళ్లు అదృష్టవంతులు, నా అంత పాట్లు పడక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, అత్తయ్యగారు అడిగిన ప్రశ్న. కొన్న గులాబీల్లో చాలావరకు రెండు మొక్కలు. పైన పూసేదొకటి, అడుగున వేరు ఇంకోటి. ఇంగ్లండ్‌లో చలికి ఓర్చే వేరు పెడతారు, ఫ్లోరిడా ఇసకలో ఫార్చూనియానా అనే వేరు పెడతారు. "మొదట ఎర్రగా పూసింది, ఇప్పుడు చిన్న చిన్న పూలే వస్తున్నాయి" అని చాలామంది అంటుంటారు కదా, పైది చచ్చి అడుగు మొక్క పిలకలు పైకొచ్చాయని అర్థం. ఆ పిలకల్ని కనబడగానే తీసేయాలి.

నా మూడో మొక్క కిందటి డిసెంబర్‌లో వచ్చింది. ఈసారి అది చచ్చేదాకా ఆగలేదు. అత్తయ్యగారు ఊరినుంచి వచ్చేవాళ్లతో నాటు గులాబీ వేరు మొక్కలు నాలుగు తెప్పించారు. జనవరిలో ఒక పొద్దున, నా కొత్త బ్లేడు అడిగి, బాల్కనీలో పీట వేసుకుని కూర్చున్నారు. నాటు మొక్క బెరడు మీద టి ఆకారంలో చీరి, ఇంగ్లీషుదాని కొమ్మ నుంచి కన్ను ఒలిచి, దాంట్లో దూర్చి కట్టారు. చెయ్యి వణుకుతోంది గాని గాటు వణకలేదు. "మా చిన్నప్పుడు అరటినారతో కట్టేవాళ్లం, రోజుకి ఎన్ని కట్టేదాన్నో" అన్నారు. ఆరు నెలల్లో ఆవిడ నాతో తనంతట తాను చెప్పిన మొదటి పెద్ద కబురు అదే.

నాలుగింట్లో రెండు పట్టాయి. ఒకటి ఈ మే నెల ఎండని దాటింది. ఆకులు కొన్ని మాడాయి గాని కొమ్మ పచ్చగానే ఉంది. జూలైలో మొదటి పువ్వు వచ్చింది. ఆల్‌బ్రైటన్‌లో చూసిన గిన్నెడు పువ్వు కాదు, టీ కప్పులో సగం. పదకొండయ్యేసరికి రేకులు వాలిపోయాయి. వాసన మాత్రం అదే. "అలవాటు పడిందండీ అత్తయ్యా" అన్నాను సంతోషంగా. "అలవాటు పడ్డం ఏమిటే, దానికి వేరు దొరికింది" అన్నారు.

ఆ రాత్రి ఆ మాట మా వారికి చెప్పాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇప్పుడు అత్తయ్యగారు దసరా నుంచి ఉగాది దాకా ఊళ్లో ఉంటున్నారు, మా చిన్నాడబడుచు ఇంటి పక్కనే ఒక గది చూశాం. ఎండాకాలం, వానాకాలం మా దగ్గర. ఇది అన్ని ఇళ్లలో కుదరదని నాకు తెలుసు. మాకూ బెంగ లేకుండా లేదు, రాత్రి ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాం. కానీ నిన్న ఫోన్ చేసి, ఊళ్లో ఎవరి పెళ్లి, ఎవరి పంట ఏమిటి అని అరగంట చెప్పి, చివర్లో అడిగారు, "పిలకలు తీస్తున్నావా?" అని.

తీస్తున్నాను. ఇవాళ పొద్దున రెండు తీశాను.